ఐదో రోజున ఆపేసిన మందు

మూగజీవుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు కుక్కల కనురెప్పల గురించినవే. మూడు ఇళ్లలోనూ డాక్టరు కుక్కను చూశారు, మందు రాసిచ్చారు. చిక్కు వచ్చింది ఆ మందును ఇంట్లో వాడే దగ్గర. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి చోటంతా ఈ మూడింటికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంట్లో బ్రూనో అనే నాలుగేళ్ల లాబ్రడార్ ఉన్నాడు, బరువు 28 కిలోలు. నెల క్రితం వాడి రెండు కళ్ల రెప్పలూ ఎర్రబడి ఉబ్బాయి. రెప్పల అంచుల్లో వెంట్రుకలు ఊడిపోయాయి, పొద్దున లేచేసరికి పుసి ఎండి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. రోజంతా ముందు కాలితో కళ్లు రుద్దుకునేవాడు, సోఫా అంచుకు మొహం రాసుకునేవాడు. డాక్టరు గారు చూసి, సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఉదయం, రాత్రి చొప్పున మూడు వారాలు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు క్రమంగా తగ్గించుకుంటూ పన్నెండు రోజులు, కంటి ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు వాడమన్నారు. కళ్లు గోక్కోకుండా మెడకు కోన్, అంటే గరాటు ఆకారపు పట్టీ, కూడా తగిలించమన్నారు. ఐదో రోజుకే రెప్పలు మామూలుగా కనిపించాయి. కానీ వాడు విపరీతంగా నీళ్లు తాగుతూ రాత్రిపూట హాల్లోనే మూత్రం పోయడం మొదలుపెట్టాడు. “నోరు లేని జీవికి ఇన్ని వేడి మందులు ఎందుకమ్మా, కిడ్నీలు పాడవుతాయి” అని మా అత్తయ్య గారు అన్నారు. నాకూ భయం వేసి అన్నీ ఆపేశాను. పది రోజులు తిరిగేసరికి జబ్బు రెట్టింపై వచ్చింది. సగం ట్యూబు, సగం మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి. మళ్లీ అవే మొదలుపెట్టవచ్చా? ఆయింట్‌మెంట్ తీయగానే గుర్రుమంటున్నాడు, ఇద్దరం కలిసి పట్టుకున్నా వేయనివ్వడం లేదు. (ఒక గృహిణి, కాకినాడ)

జవాబు: అమ్మా, ముందుగా మీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఇంట్లో మిగిలిన మందులను మీ అంతట మీరు మొదలుపెట్టకండి. బ్రూనోను రేపే డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లి, ఏ మందు ఎన్ని రోజులు వాడారో, ఏ రోజున ఆపారో ఉన్నది ఉన్నట్టుగా చెప్పండి. ఆపేశామని చెప్పడానికి మొహమాటపడి, “అన్నీ వాడాం, అయినా తగ్గలేదు” అనేవారు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క మాటతో డాక్టరు మందు పనిచేయలేదని అనుకుని అంతకంటే బలమైన మందుకు వెళతారు, ఆ అవసరం నిజానికి ఉండకపోవచ్చు.

మళ్లీ చూపించమనడానికి ముఖ్యమైన కారణం ఆ ట్యూబులోనే ఉంది. రెప్పల వాపుకు రాసే కంటి ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెల క్రితం డాక్టరు గారు కంటిని పరీక్షించి, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, చెక్కుచెదరకుండా ఉందని నిర్ధారించుకున్నాకే దాన్ని రాసి ఉంటారు. ఈ పది రోజుల్లో బ్రూనో గోళ్లతో కన్ను రుద్దుకున్నాడు. ఎక్కడైనా ఒక్క గీత పడి ఉంటే, దాని మీద స్టెరాయిడ్ పడితే గాయం మానదు సరికదా, లోతుగా దిగి కార్నియా కరిగిపోయే ప్రమాదం ఉంది. అటువంటి గీత మామూలు చూపుకు కనిపించదు. ఫ్లోరసీన్ అనే రంగుచుక్క వేసి నీలి కాంతిలో చూస్తే గాయం ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష అది. స్టెరాయిడ్ ఉన్న మందును కంట్లో వేసే ముందు ఆ పరీక్ష జరిగి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఐదో రోజున ఏం జరిగిందో చెబుతాను. రెప్ప అంటే చర్మమే. దాని అంచున వరుసగా మీబోమియన్ గ్రంథులు ఉంటాయి. అవి స్రవించే సన్నని నూనె కన్నీటి మీద పరుచుకుని, కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. కుక్కల చర్మం మీద మామూలుగానే నివసించే స్టాఫిలోకాకస్ జాతి సూక్ష్మజీవులు, చర్మం ఏ కారణంగానో దెబ్బతిన్నప్పుడు ఈ గ్రంథులలోకి చేరి చీము పట్టిస్తాయి. అప్పుడు వాపు వస్తుంది, వాపు వల్ల దురద, దురద వల్ల గోకడం, గోకడం వల్ల కొత్త గాయం, ఆ గాయంలో మళ్లీ సూక్ష్మజీవులు. మీ డాక్టరు గారు రాసిన మందులలో ప్రెడ్నిసొలోన్ ఈ వరుసలో వాపును, దురదను పట్టుకుంటుంది, దాని గుణం ఒకటి రెండు రోజుల్లోనే కంటికి కనిపిస్తుంది. సెఫలెక్సిన్ పని వేరు. అది గ్రంథుల లోపల దాగిన సూక్ష్మజీవులను తుడిచిపెట్టాలి, రెప్ప గ్రంథుల వంటి లోతైన చోట దానికి సాధారణంగా మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఐదో రోజున మీరు చూసినది వాపు తగ్గిన రెప్పను మాత్రమే. లోపలి జబ్బు అప్పటికి సగం కూడా తగ్గలేదు. ఆ రోజున రెండు మందులూ ఒకేసారి ఆగిపోవడంతో వాపును అణచి ఉంచిన చెయ్యి తొలగింది, మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ పెరిగాయి. మందు పనిచేయకపోవడం కాదు, చేస్తున్న పనిని మధ్యలో ఆపవలసి వచ్చింది.

ఇలా సగం సగం వాడడం రెండు మూడుసార్లు జరిగితే, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు మిగిలే అవకాశం పెరుగుతుంది. కుక్కల చర్మవ్యాధులలో మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఇప్పుడు ప్రపంచమంతటా పశువైద్యులకు పెద్ద తలనొప్పి. ఈసారి కోర్సు పూర్తిగా వాడినా తగ్గకపోతే, రెప్ప అంచునుంచి చీము తీసి కల్చర్ పరీక్షకు పంపమని డాక్టరు గారిని మీరే అడగవచ్చు. ఏ మందుకు అది లొంగుతుందో తెలిశాక మందు మార్చడం, ఊహతో ఒకదాని తర్వాత ఒకటి మార్చడం కంటే చౌక కూడా.

మీ అత్తయ్య గారి భయాన్ని తేలికగా తీసుకోవద్దు. ఆమె చూసినది నిజమే, దాని అర్థం మాత్రం వేరు. ప్రెడ్నిసొలోన్ వాడే కుక్కకు దాహం, ఆకలి, మూత్రం మూడూ పెరుగుతాయి, కొన్ని కుక్కలు ఎక్కువగా రొప్పుతాయి కూడా. ఇవి ఆ మందుకు తెలిసిన లక్షణాలు, కిడ్నీలు చెడిపోయాయనడానికి గుర్తులు కావు, మోతాదు తగ్గేకొద్దీ తగ్గిపోతాయి. హాలు తడుస్తోందని నీళ్ల గిన్నె తీసేయకండి. వాడికి ఆ నీళ్లు అవసరం. మాత్రను ఉదయం పూట తిండితో పాటు ఇవ్వండి, పడుకునే ముందు ఒకసారి, వీలైతే తెల్లవారుజామున మరోసారి బయటకు తిప్పండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, తిండి పూర్తిగా మానేసినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ మందు నడుస్తున్నన్నాళ్లూ మెలోక్సికామ్ వంటి నొప్పి మాత్రలు వాడకూడదు. రెండూ కలిస్తే పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఉంది. మన ఇంట్లో ఉండే ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, పారాసెటమాల్ మాత్రలను, స్టెరాయిడ్ ఉన్నా లేకున్నా, కుక్కకు మీ అంతట మీరు ఎప్పుడూ ఇవ్వకండి.

మోతాదును మెట్టు మెట్టుగా తగ్గించడానికీ కారణం ఉంది. శరీరం తనకు కావలసిన కార్టిసాల్‌ను కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథుల్లో తానే తయారు చేసుకుంటుంది. బయటినుంచి స్టెరాయిడ్ వస్తున్నన్నాళ్లూ ఆ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. వారాల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపితే అవి వెంటనే తేరుకోలేవు. కుక్క నీరసించి, వాంతులు చేసుకుని కూలబడే స్థితి కూడా రావచ్చు. మీరు ఐదు రోజులకే ఆపారు కనుక ఆ ప్రమాదం తప్పినట్టే అనుకోవచ్చు. ఈసారి మాత్రం చీటీలో రాసిన తగ్గింపును తేదీలతో సహా క్యాలెండర్ మీద రాసుకుని, ఇచ్చిన పూటకు ఇచ్చినట్టు గీత కొట్టండి. ఇంట్లో ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఒకరు ఇచ్చింది తెలియక మరొకరు ఇవ్వడం మామూలుగా జరిగేదే, గీత ఉంటే ఆ పొరపాటు జరగదు. ఒక పూట మరిచిపోతే గుర్తుకు వచ్చినప్పుడు ఇవ్వండి. తరువాతి పూట దగ్గర పడితే మాత్రం ఆ ఒక్కటీ వదిలేయండి, రెండు పూటల మాత్రలు ఒకేసారి ఇవ్వకండి.

మాత్ర మింగించడానికి మన ఇళ్లలో పెరుగన్నం ముద్ద, ఇడ్లీ ముక్క, ఉడికించిన గుడ్డు, చికెన్ లివర్ వాడుతుంటారు. సెఫలెక్సిన్‌ను తిండితో కలిపి ఇస్తే వాంతి తక్కువ కనుక వీటిలో ఏదైనా సరే. అయితే రెండు చోట్ల జాగ్రత్త కావాలి. డాక్టరు ఎప్పుడైనా సెఫలెక్సిన్‌కు బదులు డాక్సీసైక్లిన్ రాస్తే పాలు, పెరుగుతో ఇవ్వకండి. వాటిలోని కాల్షియం మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, పైగా ఆ మాత్ర గొంతులో నిలిచిపోతే అన్నవాహికలో పుండు చేస్తుంది కనుక వెంటనే నీళ్లు తాగించాలి. రెండోది, ఆహారం పడకపోవడం వల్లే దురద వస్తోందేమోనని డాక్టరు ఒకే రకం ఆహారంతో కనీసం ఎనిమిది వారాల పథ్యం పెట్టించిన సందర్భం. అటువంటప్పుడు మాత్ర దాచిన ఒక్క చికెన్ ముక్క చాలు, అన్ని వారాల పథ్యం వృథా కావడానికి. కొన్ని నమిలే మాత్రలకు మాంసపు రుచి కలిపి ఉంటుందన్న సంగతి కూడా డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఆయింట్‌మెంట్ సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం “ఇద్దరం కలిసి పట్టుకున్నా వేయనివ్వడం లేదు” అన్నది. ఎందుకంటే వాపెక్కిన రెప్పను తాకితే వాడికి నిజంగా నొప్పి. మనం ఎదురుగా ట్యూబు ముక్కు చూపిస్తూ మొహం మీదకు వంగితే, రెండోసారి ట్యూబు మూత చప్పుడుకే పారిపోతాడు. బలం పెరిగినకొద్దీ వాడి భయం పెరుగుతుంది. కాబట్టి పద్ధతి మార్చండి.

మందుకు ముందు కాపడం పెట్టండి. పలుచని శుభ్రమైన నూలు గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, ముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, మూసిన రెప్ప మీద ఐదు నిమిషాలు ఉంచండి. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచండి. చాలా కుక్కలకు ఈ వెచ్చదనం హాయిగా ఉంటుంది, ఆ సమయంలో చెవుల వెనుక నిమురుతుంటే తల వాల్చి కూర్చుంటాయి. కట్టుకుపోయిన పుసి నాని మెత్తబడుతుంది, గ్రంథుల్లో గడ్డకట్టిన నూనె కరుగుతుంది. తరువాత మందుల షాపులో దొరికే సెలైన్‌లో తడిపిన దూదితో ముక్కువైపు మూలనుంచి బయటకు తుడవండి. ఎండిన పొక్కును గోటితో లాగకండి. ఒక కంటికి వాడిన దూదిని రెండో కంటికి వాడకండి. పుసి మీద వేసిన మందు పుసితో పాటే రాలిపోతుంది, రెప్పను చేరదు. రోజుకు మూడుసార్లు శ్రద్ధగా ఆయింట్‌మెంట్ వేసినా గుణం కనిపించని ఇళ్లలో నేను మొదట అడిగే ప్రశ్న, ముందు కళ్లు కడిగారా అన్నదే.

మందు వేసేటప్పుడు బ్రూనోను గోడ మూలలో, వాడి వీపు మీ వైపు ఉండేలా కూర్చోబెట్టి, మీ రెండు మోకాళ్ల మధ్యకు తెచ్చుకోండి. ట్యూబును ముందే కాసేపు అరచేతిలో పట్టుకుంటే మందు మెత్తబడి సులువుగా వస్తుంది. ఎడమ చేత్తో గడ్డం కింద పట్టుకుని తల కొద్దిగా పైకెత్తి, అదే చేతి బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. ట్యూబు పట్టుకున్న కుడి చేతి అంచును వాడి నుదుటి మీద ఆనించండి. ఈ ఒక్క మెలకువ తప్పనిసరి. వాడు తల విదిలిస్తే మీ చెయ్యీ తలతో పాటే కదులుతుంది కనుక ట్యూబు కొన కంట్లో గుచ్చుకోదు. వాడి వెనుకనుంచి, పైనుంచి ట్యూబును తెచ్చి అర సెంటీమీటరు పోగు ఆ సంచిలో పడేలా నొక్కి, రెప్ప మూసి రెండు క్షణాలు మృదువుగా ఉంచండి. ట్యూబు కొన కంటికి గాని, వెంట్రుకలకు గాని తగలకూడదు. చుక్కలు, ఆయింట్‌మెంట్ రెండూ ఉంటే ముందు చుక్కలు, ఐదు నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్. వెనువెంటనే వాడికి ఇష్టమైన ముక్క నోట్లో పెట్టి, ఓ పది నిమిషాలు బయట తిప్పుకు రండి. ఆ పది నిమిషాలు వాడు కన్ను రుద్దుకోవడం మరిచిపోతాడు, మందు నిలుస్తుంది.

ఇంతా చేసినా కరవబోతే పట్టుదలకు పోకండి. ఆ సంగతి డాక్టరు గారికి చెబితే రోజుకు వేయవలసిన సార్లు తగ్గించడమో, నోటి మాత్రల మీదే నడపడమో ఆయన చూస్తారు.

కోన్ గురించి అందరూ జాలి పడతారు. నేను మాత్రం మీరు ఇచ్చే మందులన్నిటితో సమానంగా దాన్ని లెక్కిస్తాను. పది నిమిషాల గోకుడు పది పూటల మందును చెడగొట్టగలదు. అంచు ముక్కు కొసను దాటి కొద్దిగా ముందుకు ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. తినేటప్పుడు మీరు పక్కనే ఉంటే తీయవచ్చు, రాత్రి మాత్రం తీయవద్దు.

ఒక మాట మిగిలింది. చర్మాన్ని దెబ్బతీసిన మొదటి కారణం ఏమిటో ఇంకా తేలలేదు. లాబ్రడార్లలో అలర్జీ స్వభావం ఎక్కువ. బ్రూనో పాదాలు నాకుతూ ఉంటాడా, చెవులు తరచూ ఎర్రబడతాయా, చంకల్లో, పొట్ట మీద దురద ఉందా, ఏటా ఒకే కాలంలో వస్తోందా అన్నవి గమనించి డాక్టరు గారికి చెప్పండి. వాటిలో ఒకటి రెండు ఉన్నా, రెప్పల జబ్బు అలర్జీ చూపించిన ఒక ముఖం మాత్రమే కావచ్చు, అప్పుడు చికిత్స దారి మారుతుంది.

ప్రశ్న: మా పగ్‌కు ఆరేళ్లు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా, రెప్పలు మందంగా, జిగటగా తెల్లని పుసితో ఉంటాయి. డాక్టరు సైక్లోస్పోరిన్ ఆయింట్‌మెంట్ రాశారు. రెండు వారాలు వాడినా ఏ మార్పూ లేదు, ఖరీదు కూడా ఎక్కువ. కిందటి ఏడాది మా పాపకు కండ్లకలక వచ్చినప్పుడు ఇచ్చిన చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. అవి వేస్తే తగ్గుతుందని మందుల షాపు అతను అన్నాడు. వేయవచ్చా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వేయవద్దు. కంటి మందు సీసా మూత తీసిన తరువాత సుమారు నెల రోజులే వాడాలి, ఏడాది నాటి సీసాలో ఇప్పుడు ఏమి పెరుగుతోందో ఎవరూ చెప్పలేరు. అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటే పై ఉత్తరంలో చెప్పిన ప్రమాదం మీ పగ్‌కు ఇంకా ఎక్కువ. ఉబ్బెత్తు కళ్లున్న ఈ జాతి కుక్కల కార్నియా గాలికి, ధూళికి ఎక్కువగా గురవుతుంది, గీతలు సులభంగా పడతాయి, పడిన పుండు త్వరగా లోతుకు దిగుతుంది.

మీ డాక్టరు సైక్లోస్పోరిన్ రాశారంటే, కన్నీరు తగినంత ఊరడం లేదని తేల్చి ఉండాలి. షిర్మర్ అనే కాగితపు పట్టీని కింది రెప్పలో ఒక నిమిషం ఉంచి తడి ఎంత దూరం పాకిందో కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో అది 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది. కన్నీరు తగ్గినప్పుడు కన్ను జిగట పుసిని తయారు చేస్తుంది, ఆ పుసి రెప్పల మీద ఎండి వాపు తెస్తుంది. చాలా కుక్కల్లో ఈ కొరతకు మూలం, శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి కన్నీటి గ్రంథులపై దాడి చేయడం. సైక్లోస్పోరిన్ ఆ దాడిని ఆపి గ్రంథులను మళ్లీ పనిచేయిస్తుంది, అది ఒక్క రోజులో జరిగే పని కాదు. నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాకే షిర్మర్ కొలత పెరిగిందో లేదో చూడాలి. రెండు వారాలకు నిరుత్సాహపడకండి. అప్పటివరకు డాక్టరు చెప్పిన కృత్రిమ కన్నీటి చుక్కలు వేస్తూ, పుసిని సెలైన్‌తో రోజుకు రెండు మూడుసార్లు తుడుస్తూ ఉండండి. మందు పనిచేస్తే తరచుగా జీవితాంతం వాడవలసి వస్తుందని కూడా ముందే చెబుతున్నాను, కన్ను బాగుపడిందని ఆపితే కొద్ది వారాల్లో పొడిబారడం తిరిగి వస్తుంది. ఈ ఆయింట్‌మెంట్ వేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పగ్‌లలో కింది రెప్ప ముక్కువైపు లోనికి మడతపడి వెంట్రుకలు కంటిని రాచుకోవడం తరచుగా చూస్తాం. అదీ ఉంటే ఏ ఆయింట్‌మెంటూ పూర్తిగా తగ్గించలేదు, చిన్న ఆపరేషన్ చేయాలి.

పగ్ కన్ను గట్టిగా మూసుకున్నా, నల్లగుడ్డు మీద నీలి తెలుపు మబ్బు కమ్మినా, వెలుతురుకు కన్ను తెరవకపోయినా మరునాటి దాకా ఆగకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట కంటి పరీక్షకు అవకాశం ఉంటుంది. మీకు దగ్గరలో డాక్టరు అందుబాటులో లేనప్పుడు అక్కడికి తీసుకువెళ్లడానికి వెనుకాడవద్దు.

ప్రశ్న: మా పొలం దగ్గర పెంచుతున్న నాటు కుక్కపిల్లకు ఐదు నెలలు. రెండు కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు గుండ్రంగా వెంట్రుకలు ఊడి, రెప్పలు ఎర్రబడ్డాయి. డాక్టరు చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూసి, డెమోడెక్స్ గజ్జి అని చెప్పి, నెలకొకసారి నమిలే మాత్ర రాశారు. మాత్ర ఖరీదు చూసి మా అన్నయ్య, పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కొద్దిగా వేస్తే పోతుందంటున్నాడు. పక్క పొలం ఆయన పాత ఇంజనాయిలు రాయమన్నారు. ఏది మంచిది? మా పిల్లలకు అంటుకుంటుందా? (ఒక రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: డాక్టరు చర్మం గీకి చూశారని రాశారు, ఆ ఒక్క పరీక్ష ఈ కుక్కపిల్లకు ఎంత మేలు చేసిందో చెప్పాలి. పైనుంచి చూస్తే దీని కళ్లు కూడా కాకినాడ బ్రూనో కళ్ల లాగే ఉంటాయి. అక్కడ దురదను ఆపిన స్టెరాయిడ్‌ను ఇక్కడ ఇస్తే, డెమోడెక్స్ పురుగు పెరుగుదలను అదుపులో పెట్టే శరీర రక్షణ తగ్గి, కళ్లజోడంత ఉన్న జబ్బు ఒంటినిండా పాకుతుంది. ఇలాంటి రెప్పలకు పక్కింటి కుక్క చీటీ చూసి మందు కొనకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

డెమోడెక్స్ వెంట్రుకల కుదుళ్లలో బతికే కంటికి కనిపించని పురుగు. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి చర్మం నుంచి పిల్లకు చేరుతుంది. చాలా కుక్కల్లో హాని లేకుండా ఉండిపోతుంది, రక్షణ శక్తి ఇంకా పక్వం కాని కొన్ని పిల్లల్లో విపరీతంగా పెరుగుతుంది. ఇది మనుషులకు అంటదు, మీ పిల్లలు భయం లేకుండా దానితో ఆడుకోవచ్చు. అయితే అంటుకునే గజ్జి, తామర రెండూ కుక్కలకు వేరేగా వస్తాయి. కనుక మీ పిల్లల చేతుల మీద దురద పొక్కులో, గుండ్రని మచ్చలో కనిపిస్తే వెంటనే చూపించండి.

ఇంజనాయిలు, కిరోసిన్, గంధకం నూనెలు కళ్ల దగ్గరకు రానివ్వకండి. కంట్లో పడితే కాల్చేస్తాయి, ఒంటి మీద పూసినది నాకి లోనికి పోతే విషమవుతుంది. తల్లిపాలు, పసుపు, ఆముదం కూడా ఈ జబ్బుకు ఏమీ చేయలేవు, రెప్ప అంచుల్లో తడి, మురికి నిలబెట్టడానికి తప్ప. ఐవర్‌మెక్టిన్ మంచి మందే, కానీ పశువుల ఇంజెక్షన్ వందల కిలోల బరువున్న జంతువుకు తయారైనది. ఐదారు కిలోల పిల్లకు “కొద్దిగా” అన్నది సిరంజిలో ఎంతో అన్నయ్య గారు కంటితో కొలవలేరు. ఎక్కువైతే కుక్క తూలుతుంది, చూపు పోతుంది, వణికి స్పృహ తప్పుతుంది, విరుగుడు మందు లేదు. కోలీ వంటి కొన్ని జాతుల్లో జన్యు లోపం వల్ల తక్కువ మోతాదు కూడా మెదడుకు చేరి చంపగలదు.

మీ డాక్టరు రాసిన నమిలే మాత్రలు ఐసోక్సజోలిన్ వర్గానివి అయి ఉండాలి. డెమోడెక్స్‌కు ఈనాడు ఉన్న మందులలో ఇవి నమ్మకమైనవి. వీటిని వాడిన కొన్ని కుక్కలకు మూర్ఛలు వచ్చిన ఉదంతాలు ఉన్నందున 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. మీ పిల్లకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్ర ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పండి. మాత్రను తిండితో, దాని బరువు తూచి, ఆ బరువుకు తగిన సైజుదే ఇవ్వాలి. పెద్ద కుక్క మాత్రను ముక్కలు చేసి పంచుకోవడం వద్దు. పిల్ల పెరుగుతోంది కనుక నెల నెలా బరువు మారుతుంది, ప్రతిసారీ తూచండి.

వెంట్రుకలు తిరిగి మొలవడం మొదలు కాగానే జబ్బు పోయిందనిపిస్తుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. నెల తేడాతో రెండుసార్లు చర్మం గీకి చూసి, రెండుసార్లూ ఒక్క పురుగూ, ఒక్క గుడ్డూ కనిపించలేదని డాక్టరు చెప్పేదాకా మాత్ర కొనసాగించండి. ఖరీదు కష్టమైతే ఆ మాట దాచకుండా డాక్టరుతో చెప్పండి. బరువుకు సరిపడా మోతాదులో, నోటిద్వారా, రోజూ కొలిచి ఇచ్చే చౌక మందు ఏదైనా ఈ పిల్లకు సరిపోతుందేమో ఆయన చూడగలరు. గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు అందుబాటు దూరమే. మొదటి గీకుడు పరీక్ష ఫలితం రాసిన కాగితం భద్రంగా ఉంచి, వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లండి.